అత్తయ్యకో చాప

కువైట్ వచ్చిన కొత్తలో సాల్మియా ఫ్లాట్‌లో ఏసీ కింద కూర్చుని కూర్చుని మోకాళ్ళ నొప్పులు తెచ్చుకున్నాను. యోగాతో అవి తగ్గాయి. సెలవుల్లో ఊరెళ్ళి శిక్షకురాలి కోర్సు చేశాను.

"ఆసనాలకు జీతమెవరిస్తారమ్మా?" అన్నారు అత్తయ్య. నాకూ ఆ భయం ఉండేది. ధైర్యమిచ్చింది కువైటీ వనిత షేఖా ఏ.జే. అల్ సబా కథే. ఇక్కడ తొలి లైసెన్సు పొందిన యోగా స్టూడియో ‘దారాత్మ’ను ఆమె 2014లో నెలకొల్పారు. అరబ్బీలో ‘దార్’ అంటే ఇల్లు. ‘ఆత్మ’ మన మాటే! 2025లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ప్రకటించింది.

ఆశ్రిత వీసాపై జీతానికి పనిచేయకూడదు. అందుకే ముందు వర్క్ పర్మిట్‌కు మారి, ఆ తర్వాతే మహిళల క్లాసులు మొదలుపెట్టాను. మొదటి జీతంతో అత్తయ్యకు యోగా చాప కొన్నాను. ఇప్పుడు ఆవిడే ముందు పరుస్తారు!

పిల్లలూ, ఈ సాయంత్రం మీ అమ్మనూ లేపండి!