అంచెల సైకిలు పందెము

సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు రోడ్డు పులికాట్ సరస్సు నడుమగా సాగును. గాలిని ఆపుటకు అచ్చట కొండ లేదు, గోడ లేదు. ఎదురుగాలి వీచు దినమున ఆ రోడ్డుపై సైకిలు త్రొక్కువానికి గాలి బలమును గూర్చి వేరుగ పాఠము చెప్పనక్కరలేదు. గంటకు 20 కిలోమీటర్ల వేగముతో పోవుచుండగా 10 కిలోమీటర్ల ఎదురుగాలి వీచెననుకొనుడు. శరీరమునకు తాకు గాలి వేగము 30 కిలోమీటర్లగును. గాలి నిరోధము వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగును గనుక, అది ఒకటిన్నర రెట్లు కాక రెండుంబావు రెట్లగును. గాలి వీచని దినమునకూడ, వేగమును రెట్టింపు చేసినచో నిరోధమును జయించుటకు కావలసిన సామర్థ్యము ఎనిమిది రెట్లగును!

ఈ లెక్కపైననే ఆధారపడిన పందెము ఒకటి ఫ్రాన్సు దేశమున కలదు. దాని పేరు టూర్ డి ఫ్రాన్స్. ఒక క్రీడాపత్రిక తన చందాదారులను పెంచుకొనుటకై 1903 జూలైలో దీనిని ఆరంభించెను. నాడు 6 అంచెలు, 2,428 కిలోమీటర్లు. బయలుదేరినవారు 60 మంది, చివరకు చేరినవారు 21 మంది. మారిస్ గారిన్ అనునతడు గెలిచెను. నేడు అంచెలు 21. దూరము 3,400 కిలోమీటర్లకు అటునిటు. ఒక్కొక్క అంచెకు పట్టిన కాలమును కూడుదురు. మొత్తము ఎవరికి తక్కువయో వారే విజేత. ఒక్క అంచెలోనైనను మొదట రాకుండగనే పందెము గెలిచినవారు కలరు.

ఇది ఒంటరి పోటీవలె కనబడును కాని, నిజమునకు జట్ల పోటీ. చదునైన నేలపై నాయకుడు తన జట్టువారి వెనుక దాగి పోవును. ముందువాడు గాలిని చీల్చగా, వెనుకవానికి నిరోధము సుమారు మూడవవంతు తగ్గును. పెద్ద గుంపు నడుమనున్నవానికి ఇంకను తగ్గును. సహాయకులు వంతులవారీగా ముందు నిలిచి, అలసి, వెనుకబడుదురు. మరి కొండ యెక్కునపుడో? వేగము తగ్గుటచే గాలి నిరోధము స్వల్పమగును; భూమ్యాకర్షణయే ప్రధాన శత్రువగును. ఎవరి చాటున దాగినను ప్రయోజనము తక్కువ. 1910లో పిరనీసు పర్వతములను మార్గమున చేర్చినది మొదలు జయాపజయములు తరచు కొండలపైననే తేలుచున్నవి.

1989లో మాత్రము చివరి చదును నేలపైననే తేలినది. ఆఖరి అంచె 24.5 కిలోమీటర్లు; ఒక్కొక్కరు విడివిడిగా పోవలెను. అమెరికావాడైన గ్రెగ్ లెమాండ్, ఫ్రెంచివాడైన లొరాఁ ఫిన్యాఁకు 50 సెకండ్లు వెనుకబడి యుండెను. లెమాండ్ చేతులను ముందుకు చాచి దగ్గరగా నుంచు కొత్తరకపు హేండిలును, వెనుక కొనదేరిన శిరస్త్రాణమును వాడెను. ఫిన్యాఁ తలపై నేమియు లేదు; జుట్టు పిలకవలె ఎగురుచుండెను. లెమాండ్ 58 సెకండ్లు ముందుగ ముగించి, మొత్తముమీద 8 సెకండ్ల తేడాతో గెలిచెను. ఖ్యాతినంతయు హేండిలుకే ఇచ్చుట న్యాయము కాదు; ఫిన్యాఁ ఆనాడు సెగగడ్డ బాధతో త్రొక్కెను.

శ్రీహరికోటలోను అంచెలు కలవు. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహమును మోసికొనిపోయిన యస్.యల్.వి-3 రాకెట్టునకు నాలుగు అంచెలు. సైకిలు పందెమున అంచె యనగా ఒకనాటి ప్రయాణము. రాకెట్టున ఇంజనుతో కూడిన ఒక భాగము. ఇంధనము కాలిన అంచె, అలసిన సహాయకునివలె వెనుక మిగిలిపోవును. కాని కారణము వేరు: రాకెట్టు వదలుకొనునది బరువును. గాలి బాధ తీర్చుటకు శిరోభాగమున కొనదేరిన కవచము వేరుగ నుండును. దట్టమైన గాలిపొరలు దాటగనే దానినికూడ విడిచివేయుదురు. సైకిలువానికి ఆ వీలు లేదు. అతడు పందెము తుదివరకు గాలి అడుగుననే యుండవలెను.