సర్వే నంబరు ఉండగా వరుసకు వేరే నంబరెందుకు?

ముద్దనూరు మండలం అడంగల్ వివరాలను ఆర్ ప్రోగ్రామింగ్ భాషలోకి ఎక్కించారనుకోండి. వరుసకో ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, రైతు పేరు, పంట. సర్వే నంబరు ఉండగా మళ్లీ ఇంకో గుర్తెందుకనిపిస్తుంది. కానీ 112 ముద్దనూరులోనూ ఉండొచ్చు, చింతకుంటలోనూ ఉండొచ్చు. అన్నదమ్ములు పంచుకుంటే అది 112-1, 112-2 అవుతుంది. పంచుకోకపోతే ఒకే నంబరు కింద ఇద్దరి పేర్లూ రెండు వరుసల్లో పడతాయి. పైగా 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే ముగిసిన ఊళ్లలో పాత నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. సర్వే నంబరు చేనుకు గుర్తు, పట్టికలోని వరుసకు కాదు.

ఆర్‌లో పట్టిక తెరిస్తే ఎడమపక్కన 1, 2, 3 కనిపిస్తాయి. కొత్తవాళ్లు వాటినే నమ్ముకుంటారు. అవి కాలమ్ కావు, వరుసల పేర్లు. శనగ వేసిన వరుసలను మామూలు పద్ధతిలో ఏరితే 3, 7, 12 అని పాత నంబర్లే మిగులుతాయి. అదే పని డీప్లైర్ ప్యాకేజీలోని ఫిల్టర్‌తో చేస్తే మళ్లీ 1 నుంచి మొదలు. పంటల బీమా పట్టికతో మెర్జ్ చేస్తే వరుసల క్రమమే మారిపోతుంది. ఇక ఏడో వరుస ఎవరిదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

అందుకే ఫైలు చదివిన వెంటనే, దేన్నీ ఏరకముందే, నంబర్లకు ఒక కాలమ్ పెట్టేయాలి. వరుసలెన్నో ఎన్‌రో అనే ఫంక్షన్ చెబుతుంది. ఆ సంఖ్యను సీక్‌లెన్ అనే ఫంక్షన్‌కు అందిస్తే 1 నుంచి అంతదాకా ఇస్తుంది. చాలామంది ఒకటి, కోలన్, ఎన్‌రో అని రాసి ఊరుకుంటారు. పట్టిక ఖాళీ అయితే అది 1 నుంచి 0కి వెనక్కి లెక్కపెట్టి రెండు అంకెలు ఇస్తుంది, ప్రోగ్రాం అక్కడే ఆగుతుంది. ఖాళీ పట్టిక ఎందుకొస్తుందంటారా? ముందు ఒక ఊరిని ఏరి, ఆ తర్వాత నంబర్లు పెట్టారనుకోండి. ఫైల్లో ఊరి పేరు చివర ఒక స్పేస్ ఎక్కువ పడితే చాలు, వెతికిన ఊరు దొరకదు.

సర్వే నంబరు కాలమ్‌ను కూడా వదిలేయకూడదు. ఎక్సెల్‌లో 12-2 అని కొడితే ఫిబ్రవరి 12 అయి కూర్చుంటుంది. ఈ తిప్పలు పడలేకే 2020లో మార్చ్1 లాంటి జన్యువుల పేర్లనే మార్చేశారు! కాబట్టి ఆ కాలమ్‌ను మొదటినుంచీ అక్షరాలుగానే ఉంచాలి.

వచ్చే సీజనులో కొత్త రైతులు చేరతారు, కొన్ని వరుసలు పోతాయి. పోయిన నంబర్లను ఖాళీగానే వదిలి, కొత్తవాళ్లకు ఆఖరి నంబరు తర్వాతి నుంచి ఇవ్వండి.