దస్తూరి చూచి కొలువు

కుదురైన దస్తూరిని మెచ్చుకొనడం మన బడులలో అనాదిగా ఉన్నదే. జవాబు పత్రాలు దిద్దేవేళ ముత్యాలకోవ వంటి వ్రాతకు ఒక అరమార్కు అధికంగా జారిపడడమూ ఉపాధ్యాయ లోకానికి క్రొత్త కాదు. అయితే అక్షరాల అందాన్ని మెచ్చుకొనడం వేరు. వాటి వంపులలో మనిషి శీలాన్ని చదివి కొలువు ఇవ్వడమో మానడమో వేరు. ఈ రెండవ పని ఫ్రాన్సు దేశపు వ్యాపార సంస్థలలో ఇరవయ్యవ శతాబ్దాన చిరకాలం సాగింది. అభ్యర్థి దరఖాస్తును స్వహస్తంతో వ్రాసి పంపాలి. దానిని లిపిపరీక్షకుడు చూచి ఇతడు సోమరి, ఇతడు స్థిరచిత్తుడు అని తేల్చేవాడు.

ఈ విద్యకు గ్రాఫాలజీ అని పేరు పెట్టినవాడు మిషో అనే క్రైస్తవ మతగురువు. ఆయన గ్రంథం 1875లో వెలువడింది. ఒక్కొక్క గీతకు ఒక్కొక్క గుణాన్ని ముడిపెట్టడం ఆయన పద్ధతి. రోమన్ లిపిలోని 'టి' అక్షరపు అడ్డగీత బలహీనమైతే సంకల్పమూ బలహీనమేనట! (మన లిపిలో ఆ అడ్డగీతే లేదు, తలకట్టును చూచి చెప్పాలి కాబోలు.)

మేధాపరీక్షలకు ఆద్యుడైన ఆల్ఫ్రెడ్ బినే ఈ విద్యను ఊరక త్రోసిపుచ్చలేదు, పరీక్షించి చూచాడు. కవర్లపై చిరునామాలు చూపి, వ్రాసినది పురుషుడో స్త్రీయో చెప్పమన్నాడు. నిపుణులు చాలమేరకు సరిగానే చెప్పారు. కాని ఏ శిక్షణా లేని సామాన్యులు కూడ వారికి ఎంతో వెనుకబడలేదు. ఈ పరీక్షలను ఆయన 1906లో గ్రంథంగా ప్రకటించాడు.

మరి కొన్ని జోస్యాలు ఫలించడమెలా? దరఖాస్తులో అభ్యర్థి తన చదువు, పూర్వపు కొలువు, ఆశయాలు తానే చెప్పుకొంటాడు. వాక్యపు పొందిక, వర్ణక్రమం కూడ అతని సంగతి కొంత చెబుతాయి. పరీక్షకుడు చదివేది ఆ విషయాన్ని. గీతలను చదివానని నమ్ముతాడు. ఇజ్రాయెల్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు నెటర్, బెన్‌షఖార్ అంతకుముందు జరిగిన పరిశోధనలను క్రోడీకరించి 1989లో ఈ గుట్టు విప్పారు. అవే వ్రాతలను చదివి, ఈ విద్య తెలియనివారు కూడ నిపుణులకు తీసిపోకుండా చెప్పగలిగారు. స్వవిషయం లేని వ్రాతను ఇచ్చినపుడు నిపుణుల జోస్యం దాదాపు శూన్యమైంది. సంతకం ఎవరిదో పోల్చి తేల్చే న్యాయస్థానపు పరీక్ష వేరు; దానికి శీలనిర్ణయంతో పని లేదు.

లెక్కల పరీక్షలో తప్పినవాడు మరల చదివి కూర్చుంటాడు. అక్షరాలు వాలినందుకు సోమరి అనిపించుకొన్నవాడు దేనిని దిద్దుకోవాలి? ఆ మాట తనపై పడినట్లు కూడ అతడెరుగడు. అభ్యర్థికి ముందుగా తెలుపకుండా ఏ పరీక్షా పద్ధతినీ ప్రయోగించరాదనీ, ఆ పద్ధతి ఉద్దేశించిన ప్రయోజనానికి తగినదై ఉండాలనీ 1992 డిసెంబరు 31 నాటి ఫ్రెంచి చట్టం శాసించింది. అయితే దస్తూరి పరీక్షను అది పేరుపెట్టి నిషేధించలేదు.