కొలత వేసి చేసిన తుపాకి

తుపాకి అనగానే వేటగాడు గుర్తుకు వచ్చును. కమ్మరి, వడ్రంగి గుర్తుకు రారు. నిజమునకు మంచి రైఫిలు వేటగాని భుజము చేరకముందు నెలల తరబడి వారి వంటి పనివాండ్ర చేతులలోనే ఉండును. ఇనుము సాగగొట్టుట, కొయ్య చెక్కుట, టంకము పెట్టుట, నగిషీ దిద్దుట - ఇవన్నియు ఒక్కచోట కూడినగాని అది తుపాకి కాదు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పెరిగిన విశ్వబ్రాహ్మణ సమాజము ఇనుము, కొయ్య, కంచు, శిల, బంగారము అను అయిదు పనులను తరతరములుగా చేపట్టినది. ఆయన సమాధి పొందిన కందిమల్లయపల్లె, నేటి బ్రహ్మంగారిమఠము, నల్లమల పాదమున ఉన్నది. చిరుత, ఎలుగు, అడవిపంది మసలిన నేల అది. పులివెందుల అను పేరులోనే పులుల మంద ఉన్నదని ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. పనివాడు ఉన్న చోట, మృగము ఉన్న చోట, నమ్మదగిన తుపాకి మాత్రము రైతు చేతికి రాలేదు. ఎందుకు?

ముందుగా పెద్ద గొట్టపు రైఫిలు అనగా ఏమో తెలిసికొనవలెను. పూర్వము గొట్టము వెడల్పును అంగుళములలో గాక సీసపు లెక్కలో చెప్పెడివారు. ఒక పౌను సీసముతో ఆ గొట్టమునకు సరిపోవు గుండ్లు ఎన్ని పోయవచ్చునో అదియే దాని అంకె. పన్నెండు గుండ్లు వచ్చిన అది 12 బోరు. నాలుగే వచ్చిన 4 బోరు. అంకె తగ్గినకొలది గొట్టము పెరుగును. 4 బోరు గుండు బరువు పావు పౌను, అనగా 113.4 గ్రాములు. సీసము సాంద్రత ఘన సెంటీమీటరునకు 11.34 గ్రాములు కనుక గుండు ఘనపరిమాణము 10 ఘన సెంటీమీటర్లు. గోళ సూత్రము తెలిసిన విద్యార్థి దాని వ్యాసము 2.67 సెంటీమీటర్లని పలకమీద తేల్చుకొనవచ్చును. ఉసిరికాయంత సీసపు ముద్ద అది!

అంత సీసము ఎందుకనగా, సురేకారము, గంధకము, బొగ్గు కలిపిన పాతకాలపు మందునకు గుండును తోయగల వేగము స్వల్పము. వేగము పెంచుటకు వీలు లేనప్పుడు బరువు పెంచుట ఒక్కటే దారి. ఈ సంగతిని గ్రహించి తన తుపాకిని తానే ఊహించి చేయించుకొన్నవారిలో శామ్యూల్ బేకరు ముఖ్యుడు. 1840లో, ఇంకను పందొమ్మిది ఏండ్ల ప్రాయమున, బ్రిస్టలు నగరములోని గిబ్స్ అను పనివానిచేత ఆయన ఒక రైఫిలు చేయించినాడు. బరువు 21 పౌనులు. గొట్టము పొడవు 36 అంగుళములు. గుండు మూడు ఔన్సులు, అనగా ఏడు తులములకు పైమాట. ఒక్కొక్క పేల్పునకు మందు 16 డ్రాములు. గొట్టము లోపల మెలి తిరిగిన చాళ్ళు రెండే. ఆ చాళ్ళలో ఇముడునట్లు గుండు నడుమున ఒడ్డాణము వంటి పట్టె. 1845లో బేకరు దానితో సింహళమునకు వచ్చి ఏనుగులను, అడవి దున్నలను వేటాడినాడు. అట్టి బరువును ఎండలో మోయుటకే ఒక సామర్థ్యము కావలెను.

ఇట్లు చేయించుకొన్న రైఫిలునకు, అంగడిలో కొన్నదానికి భేదము కొయ్యలో తెలియును. దర్జీ చొక్కాకు కొలత తీసినట్లు పనివాడు వేటగాని చేయి, మెడ, భుజము కొలుచును. మీటనుండి మడమ వరకు పొడవెంత? చెంప ఆనించినప్పుడు కన్ను గురిరేఖపై నిలుచుటకు మడమ ఎంత దిగవలెను? కుడి భుజమువానికి కొయ్య ఎంత పక్కకు వంగవలెను? ఈ మూడు కొలతలు కుదిరినచో తుపాకి ఎత్తగనే గురి దానంతట అది నిలుచును. పొదలోనుండి మృగము మీదికి దుమికినప్పుడు గురి సవరించుకొనుటకు వ్యవధి ఎక్కడిది? కొయ్యకు అక్రోటు చెట్టు మంచిది. చేయి పట్టు సన్నని చోట నార అడ్డము పోక నిలువుగా సాగవలెను. లేనిచో పేల్పు తాకిడికి అక్కడనే విరుగును.

జంట గొట్టముల రైఫిలులో ఇంతకంటె కష్టమైన పని ఒకటి ఉన్నది. రెండు గొట్టములను సమాంతరముగా అతికిన చాలదు. పేలినప్పుడు కుడి గొట్టము తుపాకిని కుడికి, ఎడమ గొట్టము ఎడమకు నెట్టును. కాబట్టి రెండింటి మూతులను కొంచెము దగ్గరగా వంచి, నిర్ణయించిన దూరమున రెండు గుండ్లును ఒక్కచోట తగులునట్లు సరిచేయవలెను. దీనికి సూత్రము చాలదు. పనివాడు పేల్చి చూచును. టంకము కరిగించి, మూతులనడుమ ఉన్న చిన్న మేకును వెండ్రుకవాసి జరిపి, మరల టంకము పెట్టి, మరల పేల్చి చూచును. తూటా మారినచో ఆ శ్రమయంతయు వ్యర్థము. కమ్మరము, కంసాలితనము తెలిసినవారికి ఈ ఓపిక క్రొత్తది కాదు.

1898లో లండను నగరపు రిగ్బీ సంస్థ 450 అంకెగల క్రొత్త తూటాను తెచ్చినది. పొగలేని మందువలన 480 గ్రెయినుల గుండు, అనగా 31 గ్రాములు, సెకనునకు 2150 అడుగుల వేగముతో పోయెడిది. బేకరు గుండులో మూడవవంతునకు కొంచెము మించిన బరువు. అయినను ఏనుగునకు చాలినది. న్యూటను మూడవ సూత్రము ఇక్కడ పుస్తకములో నిలువక భుజమునకే తగులును: మందు ఆవిరిని లెక్కింపకపోయినను అయిదు కిలోల తుపాకి సెకనునకు నాలుగు మీటర్ల వేగముతో వెనుకకు తన్నును. వేటరైఫిలు బరువుగా ఉండుట పనివాని అలసత్వము కాదు.

ఈ 450 తూటా హిందూదేశమున ఎక్కువకాలము చెల్లలేదు. పాత మార్టినీ హెన్రీ రైఫిళ్ళ గొట్టపు కొలతయు అదియే. తిరుగుబాటుదారుల చేతిలో అవి ఉన్నవని జంకి ప్రభుత్వము 1907 ప్రాంతమున ఆ కొలత తూటాలను ఇక్కడ నిషేధించినది. తుపాకి పనివాండ్రు చిన్నబుచ్చుకొనలేదు. 465, 470, 475 అని అంకె కొంచెము మార్చి క్రొత్త తూటాలు కల్పించినారు. ఏనుగుల తూటాల అంకెలు అంత వింతగా ఉండుటకు కారణము మృగము కాదు, రాజ్యభయము.

అదే భయము మన పల్లెను ఇంకొక విధముగా తాకినది. 1878 నాటి ఆయుధ చట్టము తుపాకి ఉంచుకొనుటకే గాక చేయుటకు, అమ్ముటకు కూడ లైసెన్సు విధించినది. ఐరోపావారికి మాత్రము ఉంచుకొనుటలో మినహాయింపు. ఈ భేదమును తరువాతి నిబంధనలు తగ్గించినను ధర అడ్డము నిలిచినది. పంట కాచుకొను రైతునకు దక్కినది మూతినుండి మందు కూరెడి నాటుతుపాకి. దానికి చాళ్ళు లేవు. సీసము లేనినాడు ఇనుప ముక్కలే గుండ్లు. వానకు మందు చెమ్మగిల్లిన పేలదు. పేలినను రెండవ గుండు కూరులోపల పని మించిపోవును.

దాని దోషము చంపలేకపోవుట కాదు, సగము చంపుట. గాయపడి తప్పించుకొన్న పులి జింకను పట్టలేక మనిషిని పట్టును. 1944లో వెలువడిన తన కుమావూ నరభక్షకుల గ్రంథమున జిమ్ కార్బెట్టు, పులులు మనుష్యుల మీదికి మరలుటకు అజాగ్రత్తగా పేల్చిన గుండ్ల గాయములు, ముండ్లపంది ముండ్లు ముఖ్య కారణములని వ్రాసినాడు. బెంగుళూరులో నివసించిన కెన్నెతు ఆండర్సను (1910-1974) గ్రంథములలో మన ప్రాంతపు పులులే ఉన్నవి. ఒకటి చామల లోయది, ఒకటి కడప-రేణిగుంట రైలుదారిలోని మామండూరుది. ఆయన రైఫిలు 405 విన్‌చెస్టరు. అది కొలత వేసి చేయించినది కాదు, కర్మాగారపు సరకు. అయినను ఆయన చేతికి బాగుగా కుదిరినది. అట్టి రైఫిలు దూరమునుండి వచ్చువరకు పల్లెవారు సంధ్యవేళకే తలుపులు బిగించుకొనవలసి వచ్చెడిది. నాటుతుపాకికి, పెద్ద రైఫిలునకు గల అంతరము వారి విషయమున విలాసపు మాట కాదు.

పాత చట్టము స్థానమున 1959 నాటి ఆయుధ చట్టము 1962 అక్టోబరు 1న అమలునకు వచ్చినది. పదియేండ్లకే, 1972లో, వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి పులివేటను నిలిపివేసినది. 1988లో లంకమల అడవి అభయారణ్యమైనది. నేడు మనుష్యుల ప్రాణమునకు ముప్పుగా మారిన పులిని చంపవలెనన్నను రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి వ్రాతపూర్వకమైన ఉత్తరువు ఉండవలెను. పట్టుటకు గాని మత్తు ఇచ్చుటకు గాని వీలులేదని ఆయన తృప్తి చెందవలెను. అందుచే ముందుగా బయటకు వచ్చునది మత్తుసూది తుపాకి. దానికిని కొలత ఉన్నది. వేటగాని భుజమునకు బదులు మృగము బరువును కంటితో అంచనా కట్టి మందు నింపుదురు. దూరమును బట్టి వాయువు ఒత్తిడిని సవరింతురు. ఒత్తిడి మించిన సూది ఎముకను విరుచును, చాలనిచో దారిలోనే పడిపోవును.