మీకు తెలుసా? పాత అంబాసిడర్ మిక్చర్‌లో చెరకు లెక్క

● కిలో పెట్రోలు మిగలకుండా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. చెరకు నుంచి తీసే ఇథనాల్‌కైతే 9 కిలోలు చాలు. చెరకుకు, బెల్లానికి పేరున్న కామారెడ్డి ప్రాంతంలో ఈ లెక్క తెలిసి ఉండటం అవసరం. ఎందుకంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు సరిపోయే పాళ్లు 13.5 దగ్గరికి దిగుతాయి. 1960లలో పెట్రోలు ఒక్కదాని కోసమే కొలిచి చేసిన కార్బొరేటర్‌కు ఆ సంగతి తెలియదు. అది పాత పాళ్లలోనే పోస్తుంది. దాంతో గాలి, పెట్రోలు కలిసిన మిక్చర్ సుమారు 8 శాతం పలచబడుతుంది. లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి బయల్దేరిన పాత బండి ఎండాకాలంలో వేడెక్కి, యాక్సిలరేటర్ తొక్కగానే తడబడితే, ఇంజిన్ ముసలిదైపోయిందని తేల్చేముందు ఈ మిక్చర్‌ను అనుమానించాలి.

● ప్లగ్ విప్పి రంగు చూసి మిక్చర్ చెప్పే మెకానిక్ విద్య గొప్పది. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ. అయితే ఆ రంగు చాలాసేపటి నడకకు సగటు. ఎత్తు ఎక్కేటప్పుడు ఒక్క క్షణం ఏం జరిగిందో అది చెప్పదు. పొగ పైపులో బిగించే ఆక్సిజన్ సెన్సర్ చెబుతుంది.

● పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను పసిగట్టే ఈ సెన్సర్‌ను బాష్ కంపెనీ తయారు చేయగా, 1976లో వోల్వో కార్లలో మొదట వాడారు. లోపల ఉన్నది జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం. వేడెక్కితేనే పనిచేస్తుంది. సీసం దీనికి విషం. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు ఆ భయం లేదు.

● బిగించడంలో పెద్ద పని వెల్డింగ్. నాలుగు సిలిండర్ల పొగ కలిసిన తర్వాత సైలెన్సర్ పైపుకు రంధ్రం చేసి, 18 మి.మీ. మర ఉన్న నట్టు అతికించాలి. సెన్సర్‌ను పైపు కింద పెట్టకూడదు. గడియారంలో 10కీ 2కీ మధ్య, పైవైపునే ఉండాలి. లేకపోతే చల్లటి పైపులో చేరిన నీటిబొట్లు వేడి పింగాణీ మీద పడి అది పగులుతుంది. కరెంటు ఇవ్వకుండా ఊరికే పైపులో వదిలేసినా మసిపట్టి పాడవుతుంది.

● సెన్సర్‌కు ముందు పైపు ఎక్కడైనా కారుతుంటే, సెన్సర్ కొలతను చూపించే మీటర్ తప్పు చెబుతుంది. బయటి గాలి చొరబడి మిక్చర్ పలచగా ఉన్నట్టు చూపిస్తుంది. ఒక ప్లగ్ కాలకపోయినా అంతే, ఆ సిలిండర్‌లోని వాడని ఆక్సిజన్ అంతా పొగలోకే వస్తుంది. ఆ అంకె నమ్మి పెట్రోలు పెంచితే నష్టమే. ముందు గాస్కెట్లు, ప్లగ్‌లు సరిచేసుకోవాలి.

● మీటర్ మీద 14.7 కనబడితే చాలామంది సంతోషిస్తారు. కానీ చాలా మీటర్లు లోపల కొలిచేది లాంబ్డా, అంటే అందిన గాలికీ కావాల్సిన గాలికీ ఉన్న నిష్పత్తి. దాన్ని పెట్రోలు లెక్కలోకి మార్చి చూపిస్తాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలుతో అసలు పాళ్లు 13.5 ఉన్నా మీటర్ 14.7 అనే అంటుంది. అందుకే లాంబ్డానే చూడండి: 1 అంటే సరిగ్గా సరిపోయినట్టు, అంతకు మించితే పలచన, తగ్గితే చిక్కన. పూర్తిగా తొక్కినప్పుడు 0.87 దరిదాపుల్లో ఉంటే ఇంజిన్‌కు క్షేమం.

● యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలు 2021లో వచ్చాయి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగింది. ఇక ఉన్నవి మిగిలినవే. కాబట్టి కంపెనీ పైపుకు రంధ్రం చేయకండి. దాన్ని నూనె రాసి భద్రంగా దాచి, వేరే పైపు చేయించి దానికి సెన్సర్ బిగించుకోండి.