నిప్పునకు ఎదురేగినవారు

ఏటేట ఏప్రిల్ 14వ తేదీ ఉదయమున దేశమందలి అగ్నిమాపక కేంద్రములలో ఒక చిన్న కార్యక్రమము జరుగును. సిబ్బంది దుస్తులు సవరించుకొని వరుసదీరి నిలుతురు. పూలదండ ఉంచి కొన్ని క్షణములు మౌనము పాటింతురు. నాటినుండి 20వ తేదీవరకు అగ్నిమాపక సేవా వారోత్సవములు. ఆ వారములో బడులకును, సంతకూడళ్లకును ఎఱ్ఱ బండ్లు వచ్చును. గొట్టమునుండి నీరు ఆకసమునకు ఎగయుచుండ పిల్లలు కేరింతలు కొట్టుదురు. ఆ తేదీయే ఏల ఎన్నుకొనబడెనో చూచువారిలో పెక్కుమంది ఎఱుగరు. అది పండుగ కాదు, వర్ధంతి. నేడు ముంబయి అని పిలువబడుచున్న బొంబాయి నగరమున 1944వ సంవత్సరమున ఒక్క మధ్యాహ్నవేళ ప్రాణములు విడిచిన అరువదియారుగురు అగ్నిమాపక దళసభ్యుల వర్ధంతి.

వారు చేసిన పని విలువ తెలియవలెనన్న, ముందు వారి దళము ఎట్లు పుట్టినదో, ఎట్టి కట్టుబాటుపై నిలిచినదో తెలిసికొనవలెను.

దళము పుట్టుక

వేసవిలో తాటాకు ఇండ్లు తగులబడుట ఎఱిగిన పల్లెవాసులకు పాతకాలపు అగ్నిమాపక విద్య తెలియనిది కాదు. బావినుండి ఇంటివరకు జనము బారులు తీరి కడవలు చేతులు మార్చుదురు. గాలివాలున ఉన్న పొరుగింటి కప్పును కొక్కెములతో లాగి పడవేయుదురు. మండుటకు ఏమియు దొరకనిచోట మంట తనంత తానే ఆగును. ఊరు చిన్నదైనపుడు ఈ విద్య చాలును. అంతస్తుపై అంతస్తుగా కట్టెతో కట్టిన మేడలు, ఇరుకు సందులు, పత్తి గిడ్డంగులు గల మహానగరమునకు ఇది చాలదు.

బొంబాయికి ఈ సంగతి 1803లోనే తెలిసివచ్చినది. ఆ సంవత్సరము ఫిబ్రవరి నెలలో కోటలోని బజారు ప్రాంతమున చెలరేగిన అగ్ని వందలకొలది ఇండ్లను బూడిద గావించెను. ఐనను, మంటలార్పుటకు ఒక ఏర్పాటు జరుగుటకు మఱి యాబది యేండ్లు పట్టెను. 1855లో గుఱ్ఱములు లాగెడి పంపుబండ్లు వచ్చినవి. ఆ పనిని పోలీసులకు అప్పగించిరి. పోలీసులకు దొంగలను పట్టుట మొదటి పని, మంటలార్పుట రెండవ పని. అగ్ని మాత్రము రెండవ పని యని ఎవరికొఱకును వేచియుండదు. మొదటి నిమిషమున చెంబెడు నీటితో ఆరునది పదవ నిమిషమున చెరువు నీటితోనైనను ఆరదు. ఈ సత్యము అనుభవమున తెలిసిన పిమ్మట 1887లో దళము పోలీసుల చేతినుండి పురపాలక సంఘము చేతికి వచ్చి, పూర్తికాలపు ఉద్యోగుల దళముగా రూపొందెను. గుఱ్ఱపు బండ్ల స్థానమున 1907లో మొదటి మోటారు ఇంజను వచ్చెను. క్రమముగా నగరమున నలుదిక్కుల కేంద్రములు వెలసినవి.

జట్టు ధర్మము

అగ్నిమాపక కేంద్రము కచేరీవంటిది కాదు. పదిగంటలకు వచ్చి ఐదుగంటలకు పోవు ఉద్యోగము అచట లేదు. బొంబాయి దళములో పెక్కుమంది కేంద్రమునకు చేరియున్న నివాసములలోనే కుటుంబములతో కాపురముండిరి. కలిసి కసరత్తు, కలిసి భోజనము, కలిసి నిదుర. ఒకరి బిడ్డకు జ్వరము వచ్చిన పదిమంది ఇల్లాండ్రకు తెలియును. గంట మ్రోగినంతనే చేతిలోని అన్నపు ముద్ద పళ్లెమున విడిచి బండి యెక్కవలెను. ఎక్కిన పిదప బూట్లు బిగించుకొనుట ఆ ఉద్యోగములో వింత కాదు. బండి కదలినపుడు నివాసముల కిటికీలయందు నిలిచి చూచువారు, తిరిగి వచ్చునపుడు తలలు లెక్కించుకొనుటయు వింత కాదు.

ఈ స్నేహము కేవలము కలిసి బ్రతుకుటవలన వచ్చినది కాదు, పని స్వభావమునుండి పుట్టినది. పీడనముతో నీరు వెడలునపుడు గొట్టము వెనుకకు తన్నును. న్యూటను మూడవ సూత్రము బడిలో చదివిన విద్యార్థికి దీని కారణము తెలియును. పెద్ద ధార పట్టినవాని వెనుక మఱియొకడు నిలిచి గొట్టమును తన దేహమునకు అదిమిపట్టని యెడల ముందున్నవాడు నిలువలేడు. చేయిజారిన గొట్టపు లోహపు మొన పామువలె కొట్టుకొని ఎముకలు విఱుగగొట్టును. పొగలోనికి ఒంటరిగా పోరాదనునది నియమము. ఇరువురు పోవలెను, ఇరువురు రావలెను. నిచ్చెన పైనున్నవాడు క్రింద దానిని పట్టినవానిని నమ్మియే చేతులు వదలి పనిచేయును. కావున ఈ వృత్తిలో తోడివాడు స్నేహితుడు మాత్రమే కాదు, పనిముట్టువలెనే అవసరమైనవాడు. తనకు తోడుగా నిలిచినవానిని విడిచి పరుగెత్తుట అచటివారి ఊహకు అందని విషయము. 1944లో జరిగినదానిని అర్థము చేసికొనుటకు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

ఓడ వచ్చినది

అవి రెండవ ప్రపంచయుద్ధము సాగుచున్న దినములు. ‘ఫోర్ట్ స్టికీన్’ అను సరకుల ఓడ ఫిబ్రవరి 24వ తేదీన ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ రేవునుండి బయలుదేరెను. కరాచీ మీదుగా ఏప్రిల్ 12వ తేదీన బొంబాయి చేరి విక్టోరియా డాకులో లంగరు దించెను. ఆ ఓడలో సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి కలదు. యుద్ధవిమానములు, బంగారపు కడ్డీలు కలవు. ఇవి చాలవన్నట్లు కరాచీలో 8,700 పత్తి బేళ్లను, నూనె పీపాలను, కలపను ఎక్కించిరి. పత్తిని, పేలుడు సామగ్రిని ఒక్క ఓడలో చేర్చుట ఆపదకు ఆహ్వానమే. ఐనను యుద్ధకాలమున ఓడలకు కొఱత. కెప్టెను అయిష్టముగానే అంగీకరించెను.

రెండు దినములు గడచినను పేలుడు సామగ్రి దింపుట పూర్తికాలేదు. 14వ తేదీ శుక్రవారము. మధ్యాహ్నము రెండు గంటల ప్రాంతమున రెండవ గదిలోని పత్తినుండి పొగ వచ్చుట కనిపించెను. ఆ గదిలో దిగువ పత్తి, దాని పై అంతస్తులో పేలుడు పదార్థములు.

రెండు గంటల పోరు

కబురందగానే రేవునందలి దళములు, వాని వెంట నగరపు ఇంజనులు వచ్చిచేరెను. దళాధిపతి నార్మన్ కూంబ్స్ స్వయముగా వచ్చెను. ఓడలో ఏమి యున్నదో తెలిసిన సైనికాధికారి వచ్చి, ఇది పేలినచో రేవంతయు పోవునని హెచ్చరించెను. అనగా పని మొదలైన కొలది సేపటికే అచటి అధికారులకు తాము దేనిపై నిలిచియున్నారో తెలిసినది.

ఇక ఏమి చేయవలెను? మూడు మార్గములు తోచినవి. ఓడను సముద్రములోనికి లాగుకొనిపోవుట ఒకటి. కాని యంత్రము మరమ్మతులో నుండెను, డాకు ద్వారమో ఇరుకు. ఓడను ఉన్నచోటనే ముంచుట రెండవది. కాని అడుగున లోతు చాలదు, మునిగినను సరకు మునుగదు. నీరు పోసి ఆర్పుట మూడవది. ఓడకు కెప్టెను పెద్ద, రేవునకు మఱియొకరు పెద్ద, మంటకు దళాధిపతి పెద్ద. అందఱిపైనను ఆజ్ఞ యిచ్చు అధికారము ఏ ఒక్కరికిని లేకపోయెను. చర్చ సాగుచుండగా మూడవ మార్గమే నడచుచుండెను.

నీటిధారలు ఎడతెగక కురిసినవి. 900 టన్నులకు మించి, అనగా సుమారు 9 లక్షల లీటర్ల నీరు ఓడలో పోసిరి. దట్టమైన పొగలో మంట మూలము ఎచట నున్నదో కానరాలేదు. పత్తి బేలు పైపై తడిసినను లోలోపల రగులుచునే యుండును. అంతకు మించిన చిక్కు మఱియొకటి కలదు. పత్తి నీటిపై తేలును. నీరు పెఱిగినకొలది మండుచున్న బేళ్లు పైకి లేచి, పేలుడు సామగ్రికి చేరువయ్యెను. ఆర్పుటకు పోసిన నీరే అగ్నిని పైకి మోసినది. ఓడ ప్రక్కపలకలు కాలి రంగు పొంగులెత్తెను. చుట్టునున్న నీరు కాగి పొగలు కక్కెను.

పేలుడు సామగ్రి గల ఓడపై ఎగురవలసిన ఎఱ్ఱజెండా ఎగురకుండుటచే, ప్రక్క ఓడలవారు, రేవు కూలీలు అది సామాన్యమైన మంట యనుకొని దాపుననే యుండిరి. అచటినుండి వైదొలగవచ్చునని తెలిసియుండియు తొలగనివారు దళసభ్యులే. మూడుగంటల యాబది నిమిషములకు ఓడను విడిచిపొమ్మని ఆజ్ఞ అయ్యెను. ఓడవారు దిగిరి. గొట్టములు పట్టినవారు పోరు మానలేదు.

నాలుగు గంటల ఆఱు నిమిషములకు ఓడ పేలి రెండు ముక్కలయ్యెను. పండ్రెండు కిలోమీటర్ల దూరమున కిటికీ అద్దములు పగిలినవి. ఉత్తరమున సిమ్లాలోని భూకంపమాపక యంత్రము ఆ అదరును నమోదు చేసెను. లేచిన అలకు ‘జలపద్మ’ అను ఓడ గట్టుపైకి ఎత్తివేయబడెను. మండుచున్న పత్తి, లోహపు తునుకలు నగరముపై వర్షించినవి. ఒక బంగారపు కడ్డీ సుమారు మైలు దూరమున ఒక ఇంటి కప్పు చీల్చుకొని పడగా, ఆ గృహస్థుడు దానిని తిరిగి అప్పగించెను. అర్ధగంట గడచునంతలో రెండవ విస్ఫోటనము సంభవించెను.

బూడిదలో మిగిలినది

ఆ దినమున మరణించినవారి సంఖ్య 800 మొదలు 1,300 వరకు ఉండునని లెక్కలు చెప్పుచున్నవి. సుమారు 80,000 మంది నిలువనీడ లేనివారైరి. పదికి పైగా ఓడలు నాశనమయ్యెను. నగర దళమున అరువదియారుగురు అసువులు బాసిరి. ఎనుబదిమందికి పైగా గాయపడిరి. దళాధిపతి ఎగిరిపడియు బ్రతికి బయటపడెను.

ఇచట ఒక విషయము గమనింపదగినది. దళము తన బలమును ఒక్క క్షణమున కోల్పోయినది. ఐనను మంటలు అపుడే మొదలైనవి. చదరపు మైళ్ల పర్యంతము గిడ్డంగులు, ఇండ్లు తగులబడుచుండెను. తోడివారి దేహములనైనను వెదకుకొను తీరిక లేక మిగిలినవారు మరల గొట్టములు చేపట్టిరి. సైనికులు, నావికులు, పౌరులు వచ్చి చేయి కలిపిరి. మంటలు అదుపులోనికి వచ్చుటకు మూడు దినములు పట్టెను. సుమారు 8,000 మంది ఏడు నెలలు శ్రమించి, ఐదు లక్షల టన్నుల శిథిలములను తొలగించి రేవును మరల నిలబెట్టిరి.

యుద్ధకాలపు నిర్బంధములవలన వార్త వెంటనే వెలువడలేదు. జపానువారి అధీనమందున్న సైగాను రేడియో మఱునాడే లోకమునకు చాటగా, మన పత్రికలకు మే నెల రెండవ వారము వరకు అనుమతి దొరకలేదు. నగరమంతయు కన్నులార చూచిన అగ్నినిగూర్చి నగరపు పత్రికలు వ్రాయరాదు. పోయినవారి ఇండ్లలో దుఃఖము ఇంటిలోపలనే యుండిపోయెను. బహుశః అందువలననే దేశము పిమ్మట వారికొఱకు ఒక దినమును ప్రత్యేకించుట మఱింత సముచితమైనది. బైకల్లాలోని దళ కేంద్రస్థానమున వారి స్మారకము కలదు.

ఆగని గంట

స్వాతంత్ర్యానంతరము ఈ వృత్తికి శాస్త్రీయమైన శిక్షణ కావలెనను భావము బలపడి, 1956లో జాతీయ అగ్నిమాపక కళాశాల రాంపూరులో ఏర్పడి, మఱుసటి సంవత్సరము నాగపురమునకు తరలెను. 2008 నవంబరులో ఉగ్రవాదులు తాజ్ హోటలును ముట్టడించినపుడు, తుపాకులు మ్రోగుచుండగనే బొంబాయి దళమువారు నిచ్చెనలు వేసి కిటికీలనుండి అతిథులను క్రిందికి దింపిరి. 2015 మే 9వ తేదీన కాల్బాదేవిలో ఒక పాతమేడ తగులబడినపుడు, సిబ్బందిని ముందుకు పంపి తాము వెనుక నిలువక, అధికారులే ముందు నడచిరి. మేడ కూలెను. ఇరువురు అచటనే మరణించిరి. దళాధిపతియు, మఱియొక అధికారియు కాలిన గాయములతో పిమ్మట కన్నుమూసిరి.

విక్టోరియా డాకు గాథనుండి నేర్వదగినవి రెండు. సరకు ఎక్కించుటలో అజాగ్రత్త, ఎగురవేయని జెండా, ఆజ్ఞ యిచ్చువాడు లేకపోవుట, ఇవన్నియు మానవుల తప్పులు. ఆ తప్పులకు మూల్యము చెల్లించినవారు వానిని చేసినవారు కారు. ఇది మొదటిది. ధైర్యము ఒంటరివాని గుణము కాదనునది రెండవది. గొట్టము ముందున్నవాడు నిలిచినది వెనుకనున్నవాడు నిలిచినందున. వెనుకనున్నవాడు నిలిచినది ముందున్నవానిని విడువలేక.

మఱుసారి బడి ముంగిట ఎఱ్ఱ బండి వచ్చి నిలిచినపుడు, ఆకసమున కెగయు నీటిధారనే కాక, ఆ గొట్టమును పట్టిన నాలుగు చేతులను చూపుడని ఉపాధ్యాయులు పిల్లలతో చెప్పవచ్చును. కథ అంతయు ఆ చేతులలోనే యున్నది.