మన్ను రంగు మిడత

ఖమ్మం చెలకలు దాటి పాల్వంచ మీదుగా భద్రాచలం వైపు సాగితే, అడవి అంచున ఎర్రనేల, గులకరాళ్లు, ఎండిన టేకాకులే కనిపిస్తాయి. అడుగు వేశామో, ఓ చిన్న మట్టిపెళ్ల గెంతి అవతల పడుతుంది. పడ్డచోట మళ్లీ మట్టే. అది క్రోటోగోనస్ మిడత. ఒళ్లంతా గరుకు, బుడిపెలు. లేత పత్తి మొలకల్ని కొరికేస్తుంది కాబట్టి రైతుకు దీనిమీద ప్రేమేమీ ఉండదు.

జిల్లేడు మిడత దీని దాయాదే. రెండూ పిర్గోమార్ఫిడే కుటుంబానివి. ఆ దాయాది పసుపు, నీలం చారలతో అందరికీ కనిపించేలా కూర్చుంటుంది. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కనుక దాని ధీమా దానిది. క్రోటోగోనస్ మాత్రం నేలలో కలిసిపోయి బతుకుతుంది.

వెతికే కళ్లు తక్కువేం కాదు. దసరానాడు మనం పాలపిట్ట కోసం వెతుకుతాం, అది ఏడాది పొడవునా మిడతల కోసం వెతుకుతుంది. కరెంటు తీగమీద కూర్చుని నేలమీది చిన్న కదలికనూ పసిగడుతుంది. అందుకే ఇలాంటి మిడతలు కాలు మీద పడబోయేదాకా కదలవు. రంగు ఎంత కుదిరినా కదిలితే దండగే.

ఆ రంగు కూడా పూర్తిగా పుట్టుకతో వచ్చింది కాదు. చాలా జాతుల్లో పిల్లమిడతలు కుబుసం విడిచేటప్పుడు, తామున్న నేల వెలుగునీడల్ని బట్టి ముదురుగానో లేతగానో మారతాయి. దండుగా వచ్చే మిడతల్లో నలుపు తెచ్చే హార్మోను కొరాజొనిన్ అని 1999లో తేలింది.

మరి నేలే ఒక్కపూటలో రంగు మారితే? ఇక్కడ వేసవిలో అదే జరుగుతుంది. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాలుస్తారు. తునికి చిగుళ్ల కోసం నిప్పు పెట్టేవారూ ఉన్నారు. మంటకు బెదిరి లేచే పురుగుల్ని పాలపిట్టలు అక్కడే పట్టేస్తాయి. తప్పించుకున్న ఎర్రమిడత నల్లటి మసిమీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆఫ్రికా గడ్డి మైదానాల్లో కొన్ని జాతులు దీనికీ విరుగుడు కనుక్కున్నాయి. కాలిన నేలమీద కొద్ది రోజుల్లోనే నల్లబడతాయి. కుబుసం విడవడం అయిపోయిన పెద్ద మిడతలు సైతం అలా మారడాన్ని 1951లోనే నమోదు చేశారు. నాకు ఇందులో అన్నిటికన్నా వింతగా తోచేది ఇదే.

మన మిడతలూ అలా నల్లబడతాయేమో చూడటానికి, పాల్వంచ దగ్గరి కిన్నెరసాని అడవి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, బడిపిల్లలు ఈ వేసవిలో ఓ పని చేయొచ్చు. నిప్పు పూర్తిగా చల్లారాక, కాలిన చోటా కాలని చోటా వారానికోసారి మిడతల్ని ఫోటో తీయండి. తేదీ, ఊరి పేరు రాసి ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టండి.